కాటన్ దొర పట్టాలు

కాటన్ దొరని తెలుగువాళ్ళకి కొత్తగా పరిచయం చెయ్యనక్కరలేదు. గోదావరి జిల్లాల్లో ఆయన విగ్రహం లేని ఊరు వెతుక్కోవాలి. స్నానానికి దిగినవాళ్ళు సంకల్పంలో ఆయన పేరు తలుచుకునేవారని పెద్దలు చెబుతారు. కాస్త చరిత్ర చదివినవాళ్ళకి ఇంకో సంగతి కూడా తెలుసు: ఆయనకీ రైలుకీ పడేది కాదు. రైలుకి పోసే డబ్బులో కొంత కాలువలకి పొయ్యండి, దేశంలో కరువు ఉండదు అని బతికినన్నాళ్ళూ ప్రభుత్వంతో పోట్లాడిన మనిషి.

అలాంటి మనిషే భారతదేశంలో మొట్టమొదటి రైలుదారి వేశాడంటే ఎవరైనా ఒక క్షణం ఆగుతారు. కానీ నిజం అదే. బొంబాయిలో బోరీబందర్ నుంచి ఠాణాకి 1853 ఏప్రిల్ 16న నడిచిన బండిని మనం మొదటి రైలుగా లెక్కపెట్టుకుంటాం. దానికి పదహారేళ్ళు ముందే, 1837లో, మద్రాసు దగ్గర ఎర్రకొండల రైలుదారి నడిచింది. అదే రెడ్ హిల్స్ రైల్‌రోడ్. దాన్ని వేయించినవాడు అప్పటికి కెప్టెన్‌గా ఉన్న ఆర్థర్ కాటన్. ఆ తరవాత ధవళేశ్వరంలో ఆనకట్ట రాళ్ళ కోసం వేసిన పట్టాలు కూడా ఆయనవే. రైలు చరిత్ర రాసేవాళ్ళు ఈ రెండింటినీ దేశంలోని తొలి రైళ్ళ జాబితాలో చేర్చి చాలాకాలమైంది. సైమన్ డార్విల్ అనే పరిశోధకుడు ఈ తొలినాటి రైళ్ళ గురించే ప్రత్యేకంగా రాశాడు. ఇంత జరిగినా ఈ సంగతి తెలుగులో పెద్దగా వినబడదు. ఆనకట్ట కథ చెప్పేవాళ్ళు పట్టాల ఊసెత్తరు, రైళ్ళ కథ చెప్పేవాళ్ళు 1853 దగ్గర మొదలుపెడతారు. ఈ మరుపు ఎలా వచ్చింది, దాన్ని పోగొట్టాలంటే ఏ కాగితాలు తిరగెయ్యాలి, అందులో మన వంతు పని ఏమిటి? ఈ వ్యాసం వాటి గురించి.

ముందు ఆ రైలేమిటో చూద్దాం.

కాటన్ 1803 మే 15న పుట్టాడు. 1821లో, పద్ధెనిమిదేళ్ళ వయసులో, మద్రాసు ఇంజనీర్ల దళంలో పనికి ఈ దేశం వచ్చాడు. 1830లలో ఆయన దృష్టంతా కావేరి మీద ఉంది. కొల్లడం నది మీద కట్టిన ఆనకట్టలు 1836 నాటికి పూర్తయ్యాయి. ఆ రోజుల్లోనే మద్రాసు రోడ్లకి కంకర సమస్య వచ్చింది. నగరానికి వాయవ్యంగా ఉన్న ఎర్రకొండల ప్రాంతంలో రోడ్లకి పనికొచ్చే ఎర్రటి లాటరైట్ రాయి దొరుకుతుంది. దాన్ని ఎడ్లబండ్ల మీద తోలితే ఖర్చెక్కువ, వానాకాలం వస్తే బండి కదలదు. పట్టాలు వేద్దామని కాటన్ ప్రతిపాదించాడు. జనం నమ్మడానికి 1836లో చింతాద్రిపేట వంతెన దగ్గర చిన్న ముక్క పట్టాలు వేసి చూపించారు. మర్నాటి ఏడుకి దారి పనిలోకి వచ్చింది.

చింతాద్రిపేట అన్నాను కాబట్టి ఒక మాట. అది 1734లో ఈస్టిండియా కంపెనీ కూవం ఒడ్డున నేతగాళ్ళ కోసం కట్టించిన పేట. చిన్న మగ్గాల పేట అనే అర్థమిచ్చే తమిళమాట నుంచే ఆ పేరొచ్చిందంటారు. దేశంలో మొదటి రైలుపట్టాని జనం వింతగా చూసింది ఓ మగ్గాల పేట పక్కనన్నమాట.

ఆ బండిని లాగిందేమిటి? ఎక్కువగా పశువులే. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. మట్టిబాట మీద బండిచక్రం దిగబడుతుంది, బాటని నలుపుకుంటూ పోతుంది. ఎద్దు బలంలో ఎక్కువ భాగం ఆ నలుపుడికే ఖర్చైపోతుంది. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి ఆ బాధ లేదు. అదే ఎద్దు అనేక రెట్లు బరువు లాగుతుంది. రైలు అనగానే మనకి ఇంజను గుర్తొస్తుంది కానీ, నిజానికి అందులో సగం కనిపెట్టింది పట్టాలోనే ఉంది.

అయితే ఎర్రకొండల దారి మీద ఆవిరితో కూడా ప్రయత్నం జరిగింది. అక్కడ వాడినది మనం బొమ్మల్లో చూసే ముషలకాల ఇంజను కాదు, విలియం ఆవెరీ పేరుతో పిలిచే తిరుగుడు ఇంజను. బోలుగా ఉన్న రెండు చేతుల్లోకి ఆవిరి పంపితే, చివరలున్న సన్నటి బెజ్జాల్లోంచి అది వెనక్కి చిమ్ముతుంది. ఆ తోపుకి చేతులు గిర్రున తిరుగుతాయి. తోటలో నీళ్ళు చల్లుతూ తిరిగే గొట్టాన్ని తలుచుకోండి, అదే సూత్రం. యంత్రం చూడ్డానికి తేలికే గానీ ఆవిరిని విపరీతంగా తాగేస్తుంది. ప్రపంచంలో ఎక్కడా అది నిలవలేదు. 1830లలో ఇంగ్లండులోనే రైలు ఇంకా పసిబిడ్డ. ఏ ఇంజను గెలుస్తుందో, ఏది ఓడుతుందో ఎవరికీ తెలియని రోజుల్లో కాటన్ మద్రాసు ఎండలో ఈ ప్రయోగం చేశాడు. రైలుని కనిపెట్టినవాడు అని ఆయన్ని అనలేం. దూరదేశపు కొత్త వస్తువుని తెచ్చి, మన రాయికీ మన ఎద్దుకీ మన ఖర్చుకీ సరిపడేలా మలచడం కూడా ఒక రకం కనిపెట్టడమే అనుకుంటే మాత్రం ఆయన పేరు ఆ వరసలో ఉండాలి.

రెండో రైలు మన నేల మీదే. గోదావరి ఆనకట్టకి కావలసినంత రాయి ధవళేశ్వరం కొండలోనే ఉంది. ధవళేశ్వరం, రాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు పాయల మీద, మధ్యలో లంకలతో కలిపి నాలుగు మైళ్ళ పొడుగున, ఆ రాయిని పరవాలి. ఏటా వరద వచ్చేలోపు పని ఒక దరికి చేరాలి. లేకపోతే చేసిందంతా నది పాలవుతుంది. కాబట్టి రాయి ఎంత వేగంగా కదిలితే ఆనకట్ట అంత భద్రం. పనిలో పదివేలమంది దాకా కూలీలున్నారు. కొండ తవ్విన చోటి నుంచి నది దాకా పట్టాలు వేసి బండ్ల మీద రాయి తరలించారు. 1852లో ఆనకట్ట పూర్తయింది. డెల్టా పచ్చబడ్డం వెనక ఆ పట్టాలున్నాయి. పని అయిపోగానే వాటి అవసరం తీరిపోయింది, జ్ఞాపకమూ తీరిపోయింది.

మరుపుకి మొదటి కారణం ఇక్కడే దొరుకుతుంది. ఇవి పనికోసం వేసిన రైళ్ళు. వీటికి టిక్కెట్లు లేవు, స్టేషన్లు లేవు, ప్రారంభోత్సవపు ఫిరంగులు లేవు. బోరీబందర్ బండికి నాలుగువందలమంది అతిథులున్నారు, బ్యాండుమేళం ఉంది. వేడుక జరిగినదాన్ని చరిత్ర పట్టుకుంటుంది. రాయి మోసినదాన్ని ఎవరు పట్టించుకుంటారు?

రెండో కారణం కాటనే. 1849 నుంచి రైలు కంపెనీలకి ప్రభుత్వం అయిదు శాతం వడ్డీ హామీ ఇవ్వడం మొదలుపెట్టింది. లాభం వస్తే కంపెనీది, రాకపోతే ఆ లోటు భారతదేశపు పన్నుల్లోంచి పూడుస్తారు. కాటన్‌కి అసలు కడుపుమంట దాని మీద. ఈ దేశంలో బరువైన సరుకు తరలడానికి వేగం అక్కర్లేదు, చవక కావాలి, కాలువైతే పొలమూ తడుస్తుంది పడవా నడుస్తుంది అని ఆయన వాదం. 1854లో పబ్లిక్ వర్క్స్ ఇన్ ఇండియా అనే పుస్తకం రాశాడు. లక్షలమందిని పొట్టన పెట్టుకున్న 1876-78 కరువు తరవాత లండన్ పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని మళ్ళీ అదే చెప్పాడు. కమిటీ ఆయన మాట ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడానికి వాళ్ళ దగ్గర గట్టి ఉదాహరణ కూడా ఉంది. ఆయన ఆలోచనతో మొదలైన కర్నూలు-కడప కాలువ కంపెనీకి లాభాలు రాలేదు, 1882లో ప్రభుత్వమే దాన్ని కొనుక్కోవలసి వచ్చింది. గోదావరి లెక్క అన్ని నేలలకీ సరిపోదని ఆ కాలువ చెప్పింది. అయినా ఆయన వాదంలోని అసలు ముక్క నిలిచింది. శతాబ్దం చివరికి రైళ్ళ మీద 22 కోట్ల పౌండ్లకి పైగా ఖర్చయితే సాగునీటి మీద అయింది సుమారు రెండున్నర కోట్లు అని రమేశ్ చంద్ర దత్ తన ఆర్థిక చరిత్రలో లెక్కగట్టి చూపించాడు.

అంత పెద్ద పోట్లాటలో ఒక వైపు నిలబడిన మనిషికి, అవతలి వైపు వస్తువుని ఈ దేశానికి తెచ్చిన పేరు ఎవరిస్తారు? రైలువాళ్ళకి ఆయన విరోధి. నీటివాళ్ళకి ఆయన భగీరథుడు. భగీరథుడి కథలో రైలుపట్టా ఇమడదు. 1899 జులైలో ఆయన పోయాక మరుసటి ఏడు కూతురు లేడీ హోప్ ఆయన జీవితచరిత్ర అచ్చు వేసింది. అందులో కరువు నివారణ మీద విలియం డిగ్బీ రాసిన భాగాలు కూడా ఉన్నాయి. ఆ పుస్తకంలో మనకి కనిపించేది నీటికోసం పోరాడిన కాటనే. తరవాత మనం తెలుగులో చదువుకున్న కాటన్ కథల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది. ఒక మనిషి జీవితాన్ని పోగుచేసి అచ్చువేసేవాళ్ళు ఏది ముందుకి తెస్తే అదే మిగులుతుంది. పక్కన పెట్టింది కాగితాల్లోనే ఉండిపోతుంది.

ఆ కాగితాలెక్కడున్నాయి? మద్రాసు ప్రభుత్వపు పాత దస్త్రాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ఇండియా ఆఫీసు రికార్డులు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. కాటన్ పుస్తకం, లేడీ హోప్ పుస్తకం ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. గోదావరి డెల్టా కట్టడాల మీద జార్జ్ వాల్ష్ 1896లో వేసిన పుస్తకం ఒకటుంది, పని ఎలా సాగిందో తెలియాలంటే అది చూడాలి.

వెతకడంలో చిక్కులు రెండున్నాయి. మొదటిది మాట. 1836 నాటి ఇంగ్లీషు కాగితాల్లో రైల్వే అని వెతికితే చాలదు. రైల్‌రోడ్, ట్రామ్‌రోడ్ అని కూడా వెతకాలి. తెలుగులో అయితే ఇనుపదారి, పొగబండి, ధూమశకటం. కాటన్ కూడా కాటను, కాటన్‌దొర అని రకరకాలుగా ఉంటాడు. రెండోది తేదీ. ధవళేశ్వరం రైలుకి చరిత్ర పుస్తకాలు 1845 అని వేస్తాయి. ఆనకట్ట పని మొదలైంది 1847లో. సర్వే చేసి నివేదిక రాయడం, మంజూరు రావడం, పట్టా నేలమీద పడ్డం — ఇవన్నీ వేరువేరు రోజులు. వీటిలో దేన్ని పట్టుకుని ఏడు వేశారన్నది మూల దస్త్రం తీస్తే తప్ప తేలదు. ఒక పుస్తకంలో పడిన ఏడు పది పుస్తకాల్లోకి ఎక్కుతుంది, ఆ తరవాత దాన్ని ఎవరూ ప్రశ్నించరు.

ఇంకో వెలితి కూడా ఉంది. ధవళేశ్వరంలో కాటన్‌కి కుడిభుజంగా పనిచేసిన వీణం వీరన్న పేరు మనకి తెలుసు. ఆ పట్టాల మీద బండి తోసినవాళ్ళ పేర్లు, రాయి కొట్టినవాళ్ళ పేర్లు తెలియవు. కూలిపట్టీలు, సరఫరా లెక్కలు లాంటి కాగితాల్లో దొరికితే దొరకాలి. జీవితచరిత్రల్లో మాత్రం దొరకవు.

ఇక్కడ వేటపాలెం సంగతి చెప్పాలి. కాటన్ మరీ ప్రేమించిందీ, మరీ పోట్లాడిందీ రెండూ ఆ ఊరికి దగ్గరగా కనిపిస్తాయి. కృష్ణ పశ్చిమ డెల్టా నీళ్ళతో వచ్చే కొమ్మమూరు కాలువ, వేటపాలేనికి దక్షిణంగా పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువతో కలుస్తుంది. అక్కణ్ణించి మద్రాసు మీదుగా మరక్కాణం దాకా పడవదారి. కాకినాడ నుంచి బయల్దేరిన పడవ సముద్రంలోకి దిగకుండా మద్రాసు చేరేది. కాటన్ కలగన్న రవాణా ఇదే. 1899లో బెజవాడ నుంచి మద్రాసుకి రైలు కలిసింది. వేటపాలెం స్టేషను ఆ దారిమీదిదే. కాటన్ పోయింది కూడా ఆ ఏడే. ఆ తరవాత ఈ తీరంలో పడవల మీది సరుకు మెల్లమెల్లగా రైలెక్కింది, తరవాత లారీ ఎక్కింది. తుపాన్లు, పూడిక మిగతా పని పూర్తిచేశాయి. 2008లో ఈ కాలువలనే నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. కాటన్ వాదన ఇంకా కొట్టివేతకి రాలేదన్నమాట.

వేటపాలేనికి ఇంకో గొప్ప ఉంది, సారస్వత నికేతనం. నేతపనీ జీడిపప్పు వ్యాపారమూ చేసుకునే ఓ చిన్న ఊళ్ళో 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి పూనికతో పుట్టిన గ్రంథాలయం. 1929లో గాంధీగారు దాని భవనానికి శంకుస్థాపన చేశారు. రైళ్ళు ఈ దేశానికి మేలుకన్నా కీడే చేశాయని 1909లో హింద్ స్వరాజ్‌లో రాసిన గాంధీగారే! పాత పత్రికల సంపుటాలకి ఈ గ్రంథాలయానిది పెద్ద పేరు. తెలుగు సాహిత్యం మీదా, స్వాతంత్ర్యోద్యమం మీదా పనిచేసే పరిశోధకులు ఎక్కడెక్కణ్ణించో అక్కడికి వెళతారు.

1836 నాటి మద్రాసు పత్రికలు వేటపాలెంలో దొరుకుతాయని కాదు నేననేది. కాటన్ పోయాక తెలుగువాళ్ళు ఆయన్ని ఎలా గుర్తుపెట్టుకున్నారు, ఆయన భగీరథుడు ఎప్పుడయ్యాడు, పట్టాలు ఆ కథలోంచి ఎప్పుడు జారిపోయాయి అన్న ప్రశ్నలకి జవాబు లండన్‌లో దొరకదు. కృష్ణాపత్రిక 1902లో మొదలైంది. ఆంధ్రపత్రిక 1908లో వారపత్రికగా వచ్చి 1914లో దినపత్రిక అయింది. భారతి 1924లో వచ్చింది. ఆ తరం తెలుగు పత్రికల్లో వెతకాలి. అలాంటి సంపుటాలని ఇన్నేళ్ళుగా కాపాడుకొస్తున్న వేటపాలెం వంటి చోట్లకి వెళ్ళి వెతకాలి.

వెతకడానికి ఎంత వ్యవధి ఉంది? ఇక్కడ కాగితం గురించి తెలుసుకోవాలి. 1836లో పత్రికలు, దస్త్రాలు రాసినది పాత గుడ్డపీలికలతో చేసిన కాగితం మీద. చెదపురుగూ చెమ్మా తగలకపోతే అది వందల ఏళ్ళు ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దం చివరికి పత్రికలు కొయ్యగుజ్జు కాగితానికి మారాయి. అందులో ఉండే ఆమ్లం కాగితాన్ని లోపల్నించే తినేస్తుంది. ముందు పసుపుపచ్చ, తరవాత గోధుమరంగు, ఆ తరవాత మడత దగ్గర విరుగుడు. సముద్రానికి దగ్గర ఊళ్ళో ఉప్పుగాలి, ఉక్క దానికి తోడు. అంటే కాటన్ కాలపు కాగితం కన్నా, ఆయన్ని తలుచుకున్న మన తాతల కాలపు కాగితమే ముందు పోతుంది. లండన్‌లో ఉన్న ఎర్రకొండల కాగితాలు ఇంకో వందేళ్ళు ఆగుతాయి. 1920ల తెలుగు దినపత్రిక ఆగదు.

ఉన్నదాన్ని పంచుకోవడం అంటే స్కాన్ చేసి ఎక్కించడం ఒక్కటే అనుకుంటాం. అది అవసరమే. కానీ అచ్చు అక్షరాలు వెలిసిన పాత తెలుగు పేజీని యంత్రం సరిగ్గా చదవలేకపోతే, లక్ష పేజీలు ఎక్కించినా అవి బీరువాలో ఉన్నట్టే. ఏ సంచికలో ఏ వ్యాసం ఉంది, ఎవరు రాశారు, ఏ ఊరి గురించి, ఏ మనిషి గురించి అని ఒక వరస రాసిపెట్టే మనిషి కావాలి. ఈ పని చెయ్యడానికి డాక్టరేట్ అక్కర్లేదు. తెలుగు చదవడం వచ్చి, సెలవు రోజున రెండు గంటలు కూర్చునే ఓపిక ఉంటే చాలు. ఓ డిగ్రీ కాలేజీ కుర్రాడు ఒక పత్రిక ఒక సంవత్సరం తీసుకుని విషయసూచిక తయారుచేస్తే, అది ఎక్కడో ఉన్న పరిశోధకుడికి ఆరు నెలల శ్రమ తప్పిస్తుంది. పేజీ విరగకుండా తిప్పడం, జిరాక్సు యంత్రం మీద అదిమిపెట్టకుండా పైనుంచి ఫోటో తీసుకోవడం, సంపుటం వివరాలు ఫోటోతోపాటే రాసుకోవడం — నేర్చుకోవలసినవి అంతే.

కాటన్ పెద్దవాడు. ఆయనకి విగ్రహాలున్నాయి, ధవళేశ్వరంలో మ్యూజియం ఉంది, ఆయన పేరుతో బ్యారేజీ ఉంది. అంతటివాడి జీవితంలోంచే ఒక రైలు మాయమైపోయింది. ఇక ఒక మగ్గానికి కొత్త అమరిక కనిపెట్టిన చీరాల నేతగాడి సంగతి, పడవకి కొత్త తెరచాప కట్టిన కొమ్మమూరు కాలువ సరంగు సంగతి ఏం చెప్పాలి? వాళ్ళకి జీవితచరిత్ర రాసే కూతుళ్ళు లేరు, ఎగ్మూరులో దస్త్రాలూ లేవు. ఉంటే గింటే ఏ స్థానిక విశేషాల కాలమ్‌లోనో నాలుగు పంక్తులుంటాయి. ఆ నాలుగు పంక్తులున్న కాగితం ఏ మడత దగ్గర విరుగుతోందో మరి.